గంజి కవర్లు

"మీరే చంపినారు. నాయనా బిడ్డా ఇద్దరూ కలిసి నా గొర్రెను చంపినారు."

మూక్కమ్మాళ్ వాకిట్లో నిలబడి అన్న మాట ఇది. అరవలేదు. అరిచి ఉంటే బాలకృష్ణన్‌కు అంత భయం వేసేది కాదు. వీధిలో షేర్ ఆటోలు రోజూలాగే మిల్లు ఆడవాళ్ళను కుక్కుకుని పోతున్నాయి. అతను పళ్ళు తోముకుంటున్నవాడల్లా నోట్లో వేలు అలాగే ఉంచుకుని అక్కను చూశాడు.

"ఏ గొర్రె అక్కా?"

"చూలుది. నీ బిడ్డను పిలువు. చదువుకున్నది గదా, అదే చెప్పనీ."

మారిసెల్వి చేతులకు గంజి అంటుకుని ఉండగానే వంటింట్లోంచి వచ్చింది. ఆ ఇంట్లో పొయ్యి మీద కూర ఉడికేది తక్కువ, ఆమె గంజి ఉడికేది ఎక్కువ. మంసాపురం చేలల్లో పత్తి ఏరేశాక రైతులు తగలబెట్టే కట్టెను మోపులు కట్టి తెస్తుంది. కాచి, కడిగి, దంచి నార తీస్తుంది. కర్రపెండలం గంజిలో ఆ నార కలిపి, తట్టల్లో పలచగా పరిచి ఆరబెడుతుంది. ఉత్త గంజితో చేసినప్పుడు అది అప్పడంలా పెళుక్కుమనేది. నార కలిశాక నిండా కారాసేవు పోసి ఎత్తినా చిరగని కవరు అయింది.

ప్లాస్టిక్ మేసి ఊళ్ళో ఆవులు కడుపుబ్బి చస్తుంటే ఏ పెద్దమనిషికీ పట్టలేదు. ఈ పిల్లకు పట్టింది. అంగడి అంగడికీ వెళ్ళి తన కవరు ముక్క చించి నమిలి చూపించింది. "పశువు తిన్నా ఏమీ కాదు" అంది. ఆ మాట నమ్మే మేనత్త, కత్తిరించగా మిగిలిన ముక్కలు నిన్న సాయంత్రం గంపెడు ఎత్తుకెళ్ళి గొర్రె ముందు పోసింది.

"అత్తా, దాంట్లో ఏముంది? గంజి, నార. అంతే గదా. వేరే ఏదన్నా మేసినాదేమో."

"కట్టేసిన గొర్రె యాడ మేస్తుందే? నువ్వు చెప్పినావనే వేసినా. తల్లి లేని పిల్లవని చంకనెత్తుకుని పెంచినా నిన్ను. నీ మాట నమ్మకుంటే ఎవరి మాట నమ్మేది?"

బాలకృష్ణన్ పక్కనే ఉన్న అక్క కొట్టంలోకి వెళ్ళాడు. గొర్రె కాళ్ళు బిగదీసుకుని పడి ఉంది. లోపలి పిల్ల కూడా పోయే ఉంటుంది. కానీ అతని కళ్ళు గొర్రె మీద లేవు. దాని వెనక నేల మీద పారుకున్న విరేచనం నీలంగా ఉంది. నీలం కలిసిన పచ్చ.

ఆ రంగు అతనికి తెలుసు.

వెనక్కి వచ్చేసరికి మారిసెల్వి కవర్ల కట్ట విప్పుతోంది. మొహం ఎర్రగా ఉంది.

"పురుగుల మందు కొట్టిన చేను కట్టె అనే గదా మీ అనుమానం? ఎన్ని నీళ్ళలో కడిగినానో నాకు తెలుసు. చూడత్తా. నీ ముందరే తింటా. కట్టంతా తింటా."

చించింది. నోట్లో పెట్టుకుంది. బాలకృష్ణన్ ఒక్క అంగలో వచ్చి ఆమె చేతి మీద కొట్టాడు. కట్ట చెదిరిపోయింది. పుట్టినప్పటినుంచి ఒక దెబ్బ ఎరగని పిల్ల నోరు తెరిచి నిలబడింది.

"ఉమ్మెయ్ పాపా. మైలుతుత్తం ఉంది దాంట్లో."

"ఏముంది?"

"నేనే వేసినా."

సైజింగ్ మిల్లులో పడుగు నూలుకు గంజి కాచీ కాచీ ముసలివాడైన మనిషి అతను. గంజికి బూజు పట్టకుండా ఆ నీలం రాళ్ళు నూరి వేయడం అతనికి కూరలో ఉప్పు వేసినంత అలవాటు. నూలును ఎవరూ తినరు, ఈ కవర్లను తింటారు. ఆ ఒక్క సంగతి అతని బుర్రకు తట్టలేదు.

"వానల్లో బూజు పట్టి తట్టలకు తట్టలు పారబోసినావు. అన్నం తినకుండా ఏడుస్తా కూర్చున్నావు. చూడలేకపోయినా. నార కలిపేది మొదలుపెట్టినాక, నువ్వు పక్కకు పోయినప్పుడంతా కొంచెం కొంచెం వేసినా."

నార మట్టిరంగులో నీలం కనబడలేదు.

"నార వల్లే బూజు ఆగినాదని..." మారిసెల్వి చెదిరిన కవర్లను చూసింది. "ఊరంతా అదే చెప్పినా నాయనా."

మూక్కమ్మాళ్ గబగబా చెంబుతో నీళ్ళు తెచ్చింది. మేనకోడలి మెడ వంచి, చిన్నప్పటిలాగే నోట్లో వేలు పెట్టి కడిగింది. "పుక్కిలించు. లోపలికి ఏమన్నా పోయిందా? చూపించు." చచ్చిన గొర్రె మాట ఆ కాసేపు ఆమెకు గుర్తు లేదు.

మారిసెల్వి తల ఎత్తింది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

"బడి కాడుండే ఆరోక్కియమేరి అక్క అంగడికి నిన్న కట్టలు ఇచ్చినా. బడి పిల్లలకు సేవు అందులోనే పోసిస్తది. సేవు అయిపోతే కవరు కూడా నమిలేస్తారు అత్తా. నమలమని నేర్పించింది నేనే."

బాలకృష్ణన్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నేను పోయి తెచ్చేస్తా. కవరు చిరిగిపోతుందని చెప్తే సరి. నీ పేరు చెడిపోకూడదు."

"అట్లనా?" అంది మూక్కమ్మాళ్. "నా గొర్రెను కూడా ఏదో చెప్పి పూడ్చేస్తావా తమ్ముడూ?"

అతను గుమ్మంలో కూలబడి మొహం తువ్వాలులో దాచుకున్నాడు. మారిసెల్వి వచ్చి ఎదురుగా కూర్చుంది. నీలం నూరిన ఆ వేళ్ళను తన గంజి చేతుల్లోకి తీసుకుంది.

"నాకోసమే చేసినావు. తెలుసు. దానికి మళ్ళీ ఏడుద్దాం. ఇప్పుడు కాదు. బడి గంట కొట్టకముందే అంగట్లో ఉండాల. కవర్లు ఉత్తగా తీసుకునేది కాదు నాయనా. ఏం కలిపినావో నీ నోటితో చెప్పాల. నిన్న కొన్నోళ్ళ ఇల్లిల్లూ తిరగాల. ఏ పిల్లకన్నా కడుపునొప్పి ఉంటే ఆస్పత్రికి మనమే ఎత్తుకుపోవాల. అత్తా, గొర్రెను పూడ్చొద్దు, పశువుల డాక్టరు చూడనీ. నా పేరు పోతే పోనీ. లే నాయనా. బండి తియ్యి."