సితానదికి కొత్తనీరు

ఆ పూట సితానది ఆనకట్ట మీద ఇంజనీరు హైమకు చేయడానికి పనేమీ లేదు. ఏ పూటా ఉండదు. రెండు దేశాల సరిహద్దులో పారే ఆ నదిని, కొండంత గోడను, దాని కడుపులో తిరిగే టర్బైన్లను జలమేధ అనే యంత్రమేధే చూసుకుంటుంది. ఎగువన ఎంత మంచు కరిగినా నదిని ఒక్క మట్టంలోనే ఉంచుతుంది. అది వచ్చాక రెండు దేశాలూ నీళ్ళ కోసం కొట్లాడుకోవడం మానేశాయి. ఇంత గోడ ఇంత మౌనంగా ఇన్ని ఊళ్ళకు వెలుగివ్వడం తలచుకుంటే హైమకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"ఎగువన మంచుసరస్సు తెగింది," అంది జలమేధ. "గేట్లన్నీ ఎత్తకపోతే గోడ నిలవదు. హెచ్చరిక వినిపిస్తున్నాను. నీరు అంచు తాకేదాకా ఆగగలను, ఆపైన ఆగలేను."

కింద లోయలో సైరన్ మోగింది. ఈ తరంలో దాన్ని విన్నవాళ్ళు లేరు.

అవతలి దేశపు అధికారి దోర్జీ మాట, హైమ చెవిలోని అనువాదయంత్రం గుండా గ్రాంథికపు తెలుగై వినిపించింది. "మావారందరును కొండ నెక్కిరి. మీవారు నదిలోనికి దిగుచున్నారేమి?"

హైమ దుర్భిణిలోంచి చూసి కొయ్యబారిపోయింది. ఈ గోడ కట్టడానికి గోదావరి ఒడ్డు నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళంతా రేవులోకి దిగుతున్నారు. చేతుల్లో పసుపు, కుంకుమ, రవికెల గుడ్డలు. కొత్తనీరు వస్తోందంటే ఎదురెళ్ళి పసుపుకుంకాలు ఇవ్వడం వాళ్ళ తాతలనాటి ఆనవాయితీ. ఈ నది ఎన్నడూ పొంగకపోవడంతో ఆ ముచ్చట తీరనే లేదు. అందరికన్నా ముందు, మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి, హైమ తల్లి వీరలచ్చమ్మ నడుస్తోంది.

జలమేధ సైరన్ హోరు పెంచింది. జనమూ పెరిగారు.

హైమ మైకు అందుకుంది. "వరదొస్తోందండీ. పైకెళ్ళిపొండి."

జనం నది వైపు తిరిగి చేతులు జోడించారు. వీరలచ్చమ్మ ఫోను చేసి ఆశగా అడిగింది. "ఎంతొస్తోందే?"

భయపెట్టే మాట ఏదీ వీళ్ళ దగ్గర పనిచేయదని హైమకు అర్థమైంది. ఫోను పెట్టేసి మళ్ళీ మైకు తీసుకుంది.

"గేట్లు మొరాయించాయండీ. ఇవాళ నీళ్ళు రావు. ఇళ్ళకెళ్ళిపొండి."

రేవంతా ఉసూరుమంది. ఇంజనీర్లను తిట్టుకుంటూ అందరూ మెట్లెక్కారు. చివరి మనిషి గట్టు మీది ఇళ్ళు చేరాడో లేదో, గేట్లు లేచాయి.

నీరు తెల్లగా విరుచుకుపడి లోయను నింపేసింది. హైమ కాళ్ళ కింద గోడ వణికింది. ఇంత నీటిని పక్కనే పెట్టుకుని ఇన్నేళ్ళు బతికామా అనిపించి, తనకు తెలియకుండానే చేతులు జోడించింది. కింద రేవు లేదు, మెట్లు లేవు.

ఫోను మోగింది.

"గంగమ్మ తల్లి నా గుమ్మం ముందే పోతోందే," అంది వీరలచ్చమ్మ. "సైరనుకి నేను కదిలేదాన్ని కాదు. నా కూతురు చెప్పిందని వచ్చేశాను."

"నువ్వు బతకాలనే అలా చెప్పానమ్మా."

"తెలుసే. ఊరంతా బతికింది. మళ్ళీ నీళ్ళొచ్చిన్నాడు మాత్రం నువ్వేం చెప్పినా ఇక్కడెవరూ నమ్మరు. నేనూ నమ్మను."