వారం నిలవని సంచి

ఆమె వస్తూనే తడిసి ముద్దయిన సంచిని కత్తిరింపు బల్ల మీద ధబీమని పడేసింది. నీళ్లు చింది అతని చొక్కా తడిసింది.

"ఇది మీరు కుట్టిందేనా?"

అతను పట్టీ వంక చూశాడు. తన కుట్టే. కాదనడానికి వీల్లేదు.

"నడిరోడ్డు మీద తెగింది. పార్సిళ్లన్నీ బురదలో. పైన వాన, వెనక హారన్లు. నేను బండి ఆపి ఒక్కో డబ్బా ఏరుకుంటుంటే చూసినవాళ్లంతా నవ్వేవాళ్లే."

"సారీ అండీ. డబ్బులు తిరిగిచ్చేస్తాను."

"డబ్బులెవరడిగారు? కుట్టివ్వండి. రేపు మళ్లీ డెలివరీలున్నాయి."

"షాపు మూసేస్తున్నానండీ."

ఆ మాట అబద్ధం కాదు. బంగారం లాంటి ఉద్యోగం మానేసి మరీ సంచుల వ్యాపారం పెట్టిన మహానుభావుడు అతను. మొదటి సరుకు అమ్ముడుపోయిన రోజు కాళ్లు నేల మీద ఆనలేదు. అదే సరుకు పట్టీలు తెగి ఒక్కొక్కటిగా వెనక్కి రావడంతో ముఖం చెల్లక వెనక గదిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ సంచులన్నీ ఓ మూల గుట్టగా పడి ఉన్నాయి, పైన దుప్పటి కప్పి.

కొరియర్ అమ్మాయికి చెయ్యి ఊరుకోదు. దుప్పటి లాగేసింది.

"అబ్బో. నా ఒక్కదానికే జరిగిందనుకున్నా."

"నవ్వండి, పర్లేదు."

"నవ్వట్లేదు. ఇవి ఎక్కడెక్కడ తెగాయో చూశారా?"

చూడలేదు. చూడాలంటేనే సిగ్గుతో చచ్చిపోయేవాడు.

"భలేవారే. అది చూడకుండా మూసేస్తారా? నా సంచి కుట్టి, ఆ తర్వాత నిక్షేపంగా మూసుకోండి." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. బయట వాన కూడా ఆమె పక్షమే అన్నట్టు ఎంతకీ తగ్గలేదు.

ఆ సంచి మర్నాడు మళ్లీ తెగింది. ఈసారి ఆమె ముఖంలో కోపం కంటే కుతూహలం ఎక్కువ.

"నిన్నటి చోట కాదు, కాస్త కింద తెగింది."

"నిజంగానా? ఏదీ, చూపించండి." తన గొంతులో ఆ హుషారు విని అతనే ఆశ్చర్యపోయాడు.

"మాస్టారూ, రోడ్డు మీద తెగితే నా పరువు పోతోంది. ఇక్కడే తెంపుదాం."

అలా మొదలైంది ఆ తమాషా. గుమ్మం ముందు కొక్కెం, కొక్కేనికి సంచి, సంచిలో ఇటుకలు. రోజూ డెలివరీలకు వెళ్తూ ఆమె ఒక ఇటుక వేసి పోతుంది. సంచి తెగి పడిందంటే చాలు, వీధంతా గోల. ఎదుటి మంగలి షాపులో పందాలు కూడా కాసేవారు. అతను మాత్రం టేపు పట్టుకుని పరుగెత్తుకొచ్చి తెగిన చోటు చూసి, రాత్రికి రాత్రే కొత్తది కుట్టడానికి కూర్చునేవాడు. "నిన్న పడనిది ఉంది చూడండి, అలాంటిది మాకొకటి కుట్టివ్వండి" అంటూ జనం అడగడం మొదలెట్టారు. షాపు మూసే సంగతి ఎటు పోయిందో ఎవరికీ గుర్తులేదు.

అతని అక్కకు మాత్రం అన్నీ గుర్తే. బట్ట కత్తిరించేది ఆవిడే.

"ఆ పిల్ల బండి చప్పుడు వినపడితే చాలు, నీకు సూదిలో దారం ఎక్కదు. ఎప్పుడు చెప్తావురా?"

"సంచి వారం నిలవనీ అక్కా. ఆ రోజు చెప్తాను."

"నిలవకపోతే?"

"ఒక్క సంచి నిలబెట్టలేనివాణ్ణి, ఏ ముఖం పెట్టుకుని అడగను?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

పాపం, ఆ కొరియర్ అమ్మాయికేం తెలుసు? పొద్దున్నే నవ్వుకుంటూ వచ్చి ఇటుక వేసేది. సంచి వారం మధ్యలోనే టప్పున పడేది. ఆమె చప్పట్లు కొట్టేది. అతని గుండె గుభేలుమనేది. అక్క తల బాదుకునేది.

ఆ తర్వాత కుట్టిన సంచి మాత్రం పడలేదు. ఎంతకీ పడలేదు. వారం పూర్తయ్యే సాయంత్రం అతనికి ఒళ్లంతా పులకరింత. చినుకులు మొదలయ్యాయని సంచిని లోపలికి తెద్దామని ఎత్తాడు. దూదిలా తేలిపోయింది.

లోపల చూస్తే పైన ఒకే ఒక్క ఇటుక. దాని కింద అన్నీ ఖాళీ పార్సిల్ డబ్బాలు.

మర్నాడు ఆమె రాగానే నిలదీశాడు. "ఇటుకలేవండీ?"

"ఏ ఇటుకలు?"

"ఈ డబ్బాలు ఎవరివండీ?"

ఆమె చెవులదాకా ఎర్రబడింది. "మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు. అంతా చెప్పేసింది. ఇన్నాళ్లూ నా చేత్తో నేనే ఇటుకలు వేసి నా కొంప ముంచుకున్నానా అని ఏడుపొచ్చింది. అందుకే తీసేశా."

అతనికి నవ్వొచ్చింది. వెంటనే డబ్బాలు బయట పారేసి ఇటుకలు నింపడం మొదలుపెట్టాడు.

"వద్దు, తెగుతుంది." ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"తెగనీ."

వీధి వీధంతా గుమిగూడింది. అతను ఆఖరి ఇటుక వేశాడు. ఒక్క క్షణం ఆగి, పర్రుమని సంచి తెగింది. ఇటుకలు దభదభా రాలాయి.

"కుట్టు ఊడలేదురా, గుడ్డే చిరిగింది," అక్క తెగిన చోటు చూసి అరిచింది. అతను అటు తిరిగి చూడలేదు. టేపు కూడా అందుకోలేదు.

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు ఆమెతో.

"సంచి తెగాకా?"

"తెగాకే. ఇంకోటి కుడతాను. అదీ తెగొచ్చు, అయినా నాకిప్పుడు భయం లేదు. లేవగానే ఇక్కడికి పరుగెత్తి రావాలనిపిస్తోంది. నేను బతుకుతున్నట్టుంది. పక్కన నువ్వూ ఉంటే చాలు."

ఎదుటి గుమ్మంలోంచి మంగలి కేకేశాడు. "జవాబు చెప్పమ్మా, ఇక్కడ సగం గడ్డంతో ఒకాయన ఎదురుచూస్తున్నాడు."

"ఎప్పుడో చెప్పాగా," అంది ఆమె.

"ఎప్పుడు?" అన్నాడు అతను అయోమయంగా.

"ఇటుకలు దొంగతనం చేసినప్పుడు."