నీలం తొట్టిలో దొరగారు

శవం నీళ్లమీద ఒక పక్కకి ఒరిగి తేలుతోంది.

నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి. మీద చెక్క పలక. పలక కదలకుండా రెండు టైల్స్ బరువు. ఉదయం ఆరు గంటలకి ఇంటి పెద్దకోడలు గది తాళం తీసి, పలక ఎత్తి, అక్కడే కూలబడింది.

చచ్చిపోయింది ఆస్కార్ చేప. జానెడు పైన పొడవు. నల్లటి ఒంటిమీద నిప్పుకణికల్లాంటి మచ్చలు. ఇంట్లో అందరూ దాన్ని దొరగారు అనేవాళ్లు. మేత ఆలస్యమైతే మూతితో అక్వేరియం అద్దం కొట్టి మరీ పిలిచేది.

పది గంటలకి వీధిలో జీపు ఆగింది.

"చేప చచ్చిందని కేసేంటి మేడమ్?" హెడ్ కానిస్టేబుల్ గొణిగాడు. "రేపు బొద్దింక చచ్చినా మనమే పంచనామా రాయాలా?"

"లోపల ఒక మనిషిని పెట్టి గొళ్లెం వేశారట. నడవండి."

ఇన్‌స్పెక్టర్ దిగింది. స్టేషన్‌లో ఆమెని వెనకాల 'సూది' అంటారు. సన్నగా ఉంటుందని కాదు. ఎక్కడ గుచ్చాలో తెలుసని.

ఇల్లంతా తవ్వేసి ఉంది. హాల్లో పాత గచ్చు ఊడదీశారు. గోడలకి కొత్త ప్రైమర్. దాని వాసన ముక్కుపుటాలు మండిస్తోంది. అక్వేరియం ఉన్నచోట మాత్రం పాత రంగు చదరంగా మిగిలింది. ఖాళీ అక్వేరియం ఒక మూల దుప్పటి కప్పుకుని ఉంది.

పెద్దకోడలు ఎదురొచ్చింది. ఏడవడం లేదు.

"ఎవరు చంపారో నాకు తెలియాలి మేడమ్. అంతే. మిగతాది నేను చూసుకుంటాను."

"మిగతాది అంటే?"

"దొరగారు గాలికోసం నోరు తెరుచుకుని కొట్టుకుని ఉంటారు. చంపినవాళ్లు అంతకంత కొట్టుకోవాలి. నా కళ్లముందు."

ఆమె మరిది అడ్డొచ్చాడు. "నువ్వుండు వదినా. దొరికాడు మేడమ్. టైల్స్ మేస్త్రి. బాత్రూమ్‌లో పడేశాను. తీసుకెళ్లి నాలుగు తగిలించండి."

బాత్రూమ్ గొళ్లెం తీశారు.

మేస్త్రి గొంతుక్కూర్చుని గోడకి టైల్స్ అతికిస్తున్నాడు. అప్పటికే ఒక వరస పూర్తయింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"కలిపిన సిమెంటు గట్టిపడిపోతుంది కదా మేడమ్. గొళ్లెం వేశారని అది ఆగుతుందా?"

హెడ్ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. మేస్త్రి నవ్వలేదు.

"నన్ను లోపలేస్తారా మేడమ్? ఒకసారి స్టేషన్‌కి వెళ్లొచ్చినవాణ్ణి ఏ ఇంట్లో గడప తొక్కనిస్తారు?"

"నిన్న గొడవ ఎందుకైంది?"

"అవి చేప నీళ్లని నాకు తెలీదు. కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి మగ్గుతో ముంచుకున్నాను. అమ్మగారు చెయ్యి విరిచేస్తానన్నారు."

"నువ్వేమన్నావు?"

మేస్త్రి తాపీని బకెట్ అంచుకి గీకాడు.

"ఏమన్నావు?"

"ఆ చేప ఇంకెన్నాళ్లు బతుకుతుందో చూస్తానన్నాను. కోపంలో నోరు జారింది మేడమ్."

"విన్నారా!" మరిది చిటికె వేశాడు. "కిటికీలోంచి సిమెంటు కొట్టాడు. తొట్టి అంచుమీద చుక్కలు కూడా ఉన్నాయి."

ఇన్‌స్పెక్టర్ వంటింట్లోంచి పసుపు డబ్బా తెప్పించింది. రెండు గిన్నెల్లో చిటికెడు చొప్పున వేసింది. ఒకదాంట్లో మేస్త్రి బకెట్లోని సిమెంటు నీళ్లు పోసింది. పసుపు గుప్పున ఎర్రబడింది. రెండోదాంట్లో తొట్టి నీళ్లు పోసింది.

పసుపు పసుపుగానే ఉంది.

"సిమెంటులో సున్నముంటుంది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. చేపని సిమెంటు చంపలేదు."

మేస్త్రి గోడకి చేరబడిపోయాడు.

"అప్పుడే సంబరపడకు," అంది ఇన్‌స్పెక్టర్. "సిమెంటు కాదన్నాను. నువ్వు కాదని ఇంకా అనలేదు."

చేప ఉన్నది సామాన్ల గది. వసారాలోకి తెరుచుకునే తలుపుకి తాళం. తాళంచెవి పెద్దకోడలి నడుముకే ఉంటుంది. పక్కగదిలోకి ఇంకో తలుపుంది కానీ దానికి అడ్డంగా బీరువా, దానిమీద పరుపులు. కిటికీ ఉంది. మగ్గు గొడవ తర్వాత పెద్దకోడలు తొట్టిని కిటికీకి దూరంగా లాగి, పలక మూసి బరువు పెట్టింది. పొద్దున ఆ బరువు పెట్టింది పెట్టినట్టే ఉంది.

"పాత నీళ్లేనా?"

"సగం పాతవే మేడమ్. ఫిల్టర్ స్పాంజి కూడా కడగకుండా తెచ్చాను. కడిగితే అందులో మంచి సూక్ష్మజీవులు చచ్చి నీళ్లు విషమైపోతాయి. మా ఆయనే దగ్గరుండి నేర్పారు నాకు." పెద్దకోడలు మధ్య తలుపువైపు చెయ్యి చూపింది. "ఈ గదిలో వైర్లు పీకేశారు. అందుకని గాలి మోటారు పక్కగదిలో, అత్తయ్య మంచం పైన మేకుకి తగిలించాను. ట్యూబు తలుపు కిందనుంచి లాగాను."

"మేకుకి ఎందుకు? నేలమీద పెట్టొచ్చుగా?"

"కరెంటు పోతే తొట్టి నీళ్లు ట్యూబులోంచి వెనక్కి పారతాయి. నీళ్లకంటే ఎత్తులో ఉంటే మోటారు తడవదు."

"రాత్రి ఎప్పుడు చూశారు?"

"పడుకునేముందు. బుడగలు బాగానే వస్తున్నాయి. పొద్దున కూడా వస్తూనే ఉన్నాయి. గాలి అందక చావలేదు."

చేపని బయటికి తీయమంది ఇన్‌స్పెక్టర్. పెద్దకోడలు తొట్టి దగ్గరికి వెళ్లలేదు. చుట్టూ తిరిగి పక్కగదిలోకి వెళ్లి ప్లగ్గు పీకి వచ్చింది. అప్పుడు నీళ్లలో చెయ్యి పెట్టింది. చేపని తువ్వాల్లో చుట్టి, మళ్లీ వెళ్లి ప్లగ్గు పెట్టింది.

"మోటారు అక్కడుంటే ఇక్కడ షాకెలా కొడుతుంది?" హెడ్ కానిస్టేబుల్ నెమ్మదిగా అడిగాడు.

జవాబు మరిది చెప్పాడు, ఇంకా నెమ్మదిగా. "మా అన్నయ్య హీటర్ ప్లగ్గు పీకకుండా అక్వేరియంలో చెయ్యి పెట్టాడు. షాక్ కొట్టి అక్కడే పోయాడు. ఆరేళ్లయింది. అప్పట్నుంచి వదిన అంతే."

పక్కగది. మంచంమీద అత్తగారు. పక్కన వంకీ చేతికర్ర. కిటికీ ఊచలమీద ఉన్ని శాలువా ఆరేసి ఉంది. తలపైన మేకుకి మోటారు గోడకేసి కొట్టుకుంటూ గుర్రుమంటోంది. ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది.

"రాత్రి ఏమైనా అలికిడి విన్నారా అమ్మా?"

"లేదు తల్లీ. ఆరేళ్ల తర్వాత నిన్న రాత్రే కంటినిండా నిద్రపోయాను. చీమ చిటుక్కుమంటే ఒట్టు."

"తెల్లవారేదాకా?"

"తెల్లవారేదాకా."

ఇన్‌స్పెక్టర్ తల ఊపింది. వెళ్తూ వెళ్తూ శాలువాని వేళ్లతో తాకింది. వసారాలో చిన్నకోడలు ఎదురైంది.

"మీ అత్తగారికి చెముడా?"

"చెముడా!" చిన్నకోడలు బుగ్గలు నొక్కుకుంది. "మేడమీద మేము గుసగుసలాడుకుంటే కిందనుంచి జవాబు చెబుతారు మేడమ్."

"మీకు ఆ చేపంటే ఇష్టమేనా?"

"కంపు మేడమ్. మా ఆయనకీ ఇష్టం లేదు. హాలు పెద్దది చేస్తే అక్వేరియం తీసేద్దామనే అనుకున్నాం. అక్క ఒప్పుకోలేదు." ఆమె ఉలిక్కిపడింది. "అంటే చంపుతామనా! అయ్యయ్యో!"

"అలమరాలు పీకితే బొద్దింకలు వచ్చి ఉంటాయే?"

"దండులా వచ్చాయి. స్ప్రే డబ్బా తెచ్చాను. వంటింటి గూట్లో ఉంది."

గూట్లో డబ్బా లేదు.

చిన్నకోడలి మొహం పాలిపోయింది. "నేను కాదు! వంటింట్లోనే కొట్టాను! ఒట్టు అక్కా!"

పెద్దకోడలు ఆమెవైపు చూసిన చూపుకి హెడ్ కానిస్టేబుల్ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"అందర్నీ పెద్దావిడ గదిలోకి పిలవండి," అంది ఇన్‌స్పెక్టర్. "ఆ బీరువా జరిపి మధ్య తలుపు తెరవండి."

అందరూ వచ్చారు. తెరిచిన తలుపులోంచి నీలం తొట్టి కనిపిస్తోంది. నీళ్లలో బుడగలు.

"గదికి తాళం. తొట్టికి మూత. మూతకి బరువు. అందరూ నీళ్లలో ఏం పడిందా అనే చూశారు," అంది ఇన్‌స్పెక్టర్. "హెడ్‌గారూ, సిగరెట్టు వెలిగించండి."

"నేను మానేశాను మేడమ్..."

"ఎడమ జేబులో ఉంది."

ఆయన తల వంచుకుని వెలిగించాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని మోటారు అడుగున పట్టింది. పొగ పైకి లేవలేదు. మోటారు అడుగున చిన్న కన్నంలోకి పాములా జారిపోయింది.

"అటు చూడండి."

సామాన్ల గదిలో తొట్టి నీళ్లమీద ఒక బుడగ పగిలింది. అందులోంచి పొగ. ఇంకో బుడగ. ఇంకాస్త పొగ.

చిన్నకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఈ గదిలో గాలి ఆ గదిలో నీళ్లలోకి వెళ్తోంది. గాలిలో బొద్దింకల మందు ఉంటే మందు కూడా వెళ్తుంది. చేపలకి అది కాలకూటం." మోటారు తీసి అడుగున ఉన్న చిన్న దూదిబిళ్ల ఊడదీసింది. "వాసన చూడండి. ఇల్లంతా ప్రైమర్ కంపు కొట్టబట్టి ఎవరికీ తెలియలేదు. మంచం కింద బొద్దింక కూడా ఒకటి వెల్లకిలా పడుంది. హెడ్‌గారూ, మీ పంచనామాకి."

"అయితే స్ప్రే ఎవరు కొట్టారు?" మరిది గద్దించాడు.

"రాత్రంతా మోటారు నడిచింది. బుడగలు వచ్చాయి. ఈ మేకుమీద నడిస్తే ఇంత మోత. మేడమీద గుసగుసలు వినే మనిషికి చీమ చిటుక్కుమనలేదట. నడుస్తున్న మోటారు మోగకుండా ఉండాలంటే ఒకటే దారి. దించి, దేంట్లోనో మందంగా చుట్టాలి."

ఇన్‌స్పెక్టర్ కిటికీవైపు చూసింది.

"ఆ శాలువా పొడిగా ఉంది. ఉతకలేదు. మందు వాసన పోవడానికి గాలికి వేశారు."

పెద్దకోడలు వెళ్లి శాలువా అందుకుని ముక్కుకి ఆనించుకుంది. తల పక్కకి తిప్పుకుంది.

"అత్తయ్యా?"

అత్తగారు దిండు కిందనుంచి స్ప్రే డబ్బా తీసి మంచంమీద పెట్టింది.

"అవునే. నేనే. కర్ర వంకీతో దించి, శాలువాలో చుట్టి మందు కొట్టాను. పొద్దున నువ్వు లేవకముందే మళ్లీ తగిలించాను."

"అమ్మా!" అన్నాడు మరిది.

"నువ్వు నోర్ముయ్‌రా. నీకేం తెలుసు? మీరంతా వచ్చేసరికి వాణ్ణి పడుకోబెట్టేశారు. ముందు చూసింది నేను. నా కొడుకు నేలమీద పడి ఉన్నాడు. ఆ గాలి మోటారేమో నీళ్లలో బుడబుడమంటూనే ఉంది. ఆ చేప అద్దానికి మూతి ఆనించి మేతకోసం చూస్తోంది. వాడి వేళ్ల తడి ఇంకా ఆరలేదు, దానికి ఆకలి!"

ఆమె రొప్పింది.

"ఆరేళ్లు. నా బిడ్డని మింగిన దాన్ని నట్టింట్లో పెట్టి దొరగారని మేపారు. హాల్లో దాని జోలికి వెళ్లడానికి నాకెప్పుడూ సందు దొరకలేదు. ఇల్లు తవ్వారు. నువ్వే తెచ్చి దాని ఊపిరి నా తలమీద వేలాడదీశావు. పగ నా మంచం దగ్గరికి నడిచొస్తే వదులుకుంటానా?"

"ఆయన ఆఖరిసారి ముట్టుకున్న ప్రాణం అది అత్తయ్యా," అంది పెద్దకోడలు. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఆయన చెయ్యి అనుకునే నా చేతిమీదికి వచ్చేది."

"అందుకే చంపాను."

ఇన్‌స్పెక్టర్ మంచంమీది డబ్బా అందుకుంది. "కంప్లైంట్ మీది," అంది పెద్దకోడలితో. "ఏం రాయమంటారు?"

"ఏమీ వద్దు మేడమ్. కొట్టేయండి."

మరిది రెండు చేతులూ జోడించాడు. "వదినా, నీ మనసు వెన్న!"

పెద్దకోడలు వినిపించుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి దగ్గరికి వెళ్లింది. "అనరాని మాట అన్నాను మేస్త్రీ. మనసులో పెట్టుకోకు. బాత్రూమ్ తర్వాత చూద్దువుగాని. ముందు ఆ అక్వేరియం ఎత్తుకురా."

"ఎక్కడికమ్మా?"

"ఇక్కడికే. అత్తయ్య మంచానికి ఎదురుగా."

మేస్త్రి, మరిది స్టాండు మోసుకొచ్చారు. దానిమీద అక్వేరియం పెట్టారు. మరిది ఏదో అనబోయి వదిన మొహం చూసి మానేశాడు. పెద్దకోడలు తొట్టిలో నీళ్లు బకెట్లతో తానే మోసింది. ఒక్కో బకెట్ పోస్తుంటే అత్తగారు గోడవైపు జరుగుతోంది. నీళ్లు నిండాయి. దీపం వెలిగింది. అందులో చేప లేదు.

మోటారు మళ్లీ మేకెక్కింది. గుర్రుమంది. ఎదురుగా ఖాళీ నీళ్లు బుడబుడలాడాయి.

"తీసెయ్యవే," అంది అత్తగారు.

"ఎలా తీస్తానత్తయ్యా? మీ అబ్బాయి తెచ్చిన మోటారు."

"రాత్రి నిద్ర పట్టదే నాకు."

"నాక్కూడా."

హెడ్ కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. దీనికి సెక్షన్ ఉందా అన్నట్టు. ఆమె టోపీ పెట్టుకుంది.

ట్యూబు చివర నీళ్లలో వంకరగా తిరిగింది. పెద్దకోడలు దాన్ని సరిచేయడానికి చెయ్యి చాచి, అలవాటుగా ఆగింది. వంగి ప్లగ్గు పీకింది.

గదిలో చప్పుడు చచ్చిపోయింది.

అత్తగారు కళ్లు మూసుకుంది. బిగిసిన భుజాలు వదులయ్యాయి. ఛాతీ నిండా ఒక్క ఊపిరి పీల్చుకుంది.

పెద్దకోడలు ట్యూబు సరిచేసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. అత్తగారి మొహాన్నే చూస్తూ, ఆ ఊపిరి పూర్తయ్యేదాకా ఆగింది.

ప్లగ్గు మళ్లీ పెట్టింది.