కోటులో నల్ల పట్టీ

వానలు వెనకబట్టాక కాసిన మొదటి ఎండకి తోమి అనే ఆ జపాన్ ఇల్లాలు బట్టలన్నీ వెదురు దండేనికి వేసింది. పురుగు పట్టకుండా కోబేలో ఏటా ప్రతి ఇంట్లోనూ చేసే పనే. ఆమె మాత్రం అన్నిటికంటే ముందు భర్త పెట్టెలోని తెల్ల ధోవతి, నల్ల కోటు తీసేది.

ఇంగ్లీషు పోలీసులు వెతుకుతుంటే ఆమె భర్త అనంత్ కానిట్కర్ నాసిక్ వదిలి వచ్చి ముప్పై రెండేళ్లయింది. తిరిగి వెళ్లే రోజున వేసుకోవాలని ఆ జత దాచుకున్నాడు. పెట్టె ఎప్పుడూ సర్దే ఉండేది.

ఆ వారమే తమ్ముడి ఉత్తరం వచ్చింది. వచ్చే నెల దేశం మనదవుతుంది, వచ్చెయ్ అన్నయ్యా అని. ప్రయాణపు కాగితం మాత్రం ఒక్కరికే దొరికింది.

బార్లీ గంజి తాగుతూ అనంత్ ఆ సంగతి చెప్పాడు. ముందు తను వెళ్తాడట, తర్వాత వీళ్లని పిలిపిస్తాడట. తోమి సరేనని ముల్లంగి ఊరగాయ అతని వైపు జరిపింది. పంతొమ్మిదేళ్ల కూతురు సాయెకో చేతిలోని తినే పుల్లలు కింద పెట్టేసింది.

"ఎప్పుడు పిలిపిస్తావు నాన్నా?"

"వీలు చూసుకుని."

"ఆ పెట్టెలో మా గుడ్డ ఒక్కటైనా ఎప్పుడన్నా ఉందా? బాంబులకి ఇల్లు తగలబడ్డ రోజు అమ్మ తన పెళ్లి కిమోనో వదిలేసి నీ పెట్టె మోసుకొచ్చింది. నాకు గుర్తుంది. నీకుందా?"

నాన్నతో అలాగేనా మాట్లాడేదని తోమి మందలించింది. అనంత్ లేచి దండెం మీది కోటు తొడుక్కున్నాడు. "ఇదెలాగూ పట్టదులే. అప్పుడు ఎండు కట్టెలా ఉండేవాణ్ణి" అన్నాడు, మాట మార్చడానికి.

బొత్తాలన్నీ కాజాల్లో సరిగ్గా పడ్డాయి.

చెయ్యెత్తి చూసుకున్నాడు. చంక కింద నుంచి నడుము దాకా రెండు వేళ్ల వెడల్పున వేరే నల్లగుడ్డ, దాని నేతలో సన్నటి కొంగలు. పెళ్లినాడు తోమి నడుముకి చుట్టుకున్న పట్టీ అది. ఆమె పెళ్లిబట్టల్లో ఇప్పుడు మిగిలింది ఆ ముక్కే.

"ఏటా కొంచెం వదులు చేస్తూ వచ్చానండీ" అంది తోమి. "కిమోనోకైతే లోపల మడతలు చాలా ఉంటాయి. దీనికి ఐదో ఏటికే అయిపోయాయి. మీరేమో లావవుతూనే ఉన్నారు."

"నేను వెళ్లిపోతానని తెలిసే కుట్టావా?"

"ఇన్నేళ్లకి వెళ్తారు కదా. అంతమందిలో ఇరుకు కోటేం బాగుంటుంది?"

అనంత్ గడప మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ తన ప్రయాణానికి తనొక్కడే ఎదురుచూశాననుకున్నాడు.

మధ్యాహ్నం తమ్ముడికి జవాబు రాశాడు. ముగ్గురికీ కాగితాలు వచ్చాకే ఓడెక్కుతామని, ఎంత ఆలస్యమైనా సరేనని. సాయెకో ఉత్తరం చదివి కవరు అంటించింది.

ఎండ తగ్గాక అతను కోటుని పెట్టెలో ఒక పక్కకి సర్ది, రెండో పక్కన తోమి బూడిదరంగు కిమోనో తనే మడిచి పెట్టబోయాడు.

"అలా కాదండీ" అంటూ తోమి దాన్ని అందుకుని విప్పింది. చిన్నప్పటినుంచీ మడుస్తున్న రకం బట్టే. రెండుసార్లు మడిచినా ఆమెకి అంచులు కుదరలేదు.