రాళ్ల మధ్య జొన్నలు

"యమున గారూ, అక్కడ మీరు నవ్వాలండి," అన్నాడు దుర్గేష్ నాలుగోసారి.

యమున నవ్వలేదు.

ఇబ్రహీంపట్నం బి.ఎడ్. కాలేజీలో వీడ్కోలు సభకు ఇంకా పది రోజులున్నాయి. చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లుగా మారుతున్న రెండు వేల ఏడో సంవత్సరం అది. ఏటా పౌరాణికం వేసే కాలేజీలో ఈసారి దుర్గేష్ అసంబద్ధ నాటకం రాశాడు. హద్దురాళ్లు పాతిన ఖాళీ ప్లాట్లలో ఒక మనిషి గింజలు చల్లుతుంటాడు. దారిన పోయే ఆమె "ఎందుకు?" అని అడుగుతుంది. అతను పలకడు. బుల్డోజర్ వచ్చి దున్నేస్తుంది. అతను మళ్లీ చల్లుతాడు, ఆమె మళ్లీ అడుగుతుంది. మూడోసారి ఆమె పగలబడి నవ్వుతుంది. తెర.

ఆ ఆడపాత్ర తనకే ఎందుకిచ్చాడో యమునకు తెలియకపోలేదు. రిహార్సల్లో అతని చూపు కాగితం మీద కంటే తన మీదే ఎక్కువసేపు ఉండేది. తను చూడగానే కాగితం తిరగేసేవాడు, ఒక్కోసారి తలకిందులుగా.

"ఎందుకు నవ్వాలె?" అని అడిగింది.

"అది అబ్సర్డ్ కాబట్టి." దుర్గేష్ ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "రెండు ప్రపంచ యుద్ధాలు చూశాక యూరప్‌లో చాలామందికి దేవుడి మీద, మాటల మీద నమ్మకం పోయిందండి. మనిషి ఎందుకు, ఎందుకు అని అడుగుతూనే ఉంటాడు. లోకం పలకదు. ఆ రెంటి మధ్యా ఇరుక్కుపోవడమే మన బతుకు అన్నారు. ఈ నాటకాలకి వేరు అక్కడుంది."

గింజలు చల్లే వేషం కట్టిన దివాకర్ గోడకు జారగిలబడి అన్నాడు, "అన్నా, గిది పరీక్షల వస్తదా? రాకపోతే చాయ్ తాగుదాం పా."

యమున దివాకర్ వైపు చూడలేదు. "పలకంది లోకమైతే, లోకాన్ని చూసి నవ్వాలె. గా మనిషిని చూసి ఎందుకు?"

"ఆ మనిషిని చూస్తే మీరూ నవ్వేవారు. టీచింగ్ ప్రాక్టీస్‌కి యాచారం వెళ్తుంటే బస్సులోంచి చూశాను. మిరుగం రోజు, అదే మృగశిర కార్తె మొదలైన రోజు, తెల్ల హద్దురాళ్ల మధ్య జొన్నలు చల్లుతున్నాడు. బస్సంతా ఒకటే నవ్వు."

యమున చేతిలోని కాగితాలు మడిచింది. "ఎర్ర తువ్వాల చుట్టుకున్నడా?"

"అవును. మీకెలా తెలుసు?"

"గాయిన మా బాపు."

కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆమె తండ్రి జానయ్య నిరుడు చేను అమ్మాడు. కొన్నవాళ్లు ఆయన్నే ఆ చేనుకు వాచ్‌మన్‌గా పెట్టుకున్నారు. మిరుగం పొద్దున ఆయన ఒడిలో గింజలు పోసుకుంటుంటే యమున కూడా ఎందుకని అడిగింది. నవ్వలేదు గాని, బస్సులోవాళ్లు చూస్తారేమోనని సిగ్గుపడి గబగబా ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు దుర్గేష్ మీద వచ్చిన కోపంలో సగం తన మీదిదే. బాపును పదిమంది ముందు నవ్వులపాలు చేసే నాటకం ఆగాలి. ఎలా ఆపాలో మాత్రం ఆమెకు తెలియలేదు.

రెండు రోజులు రిహార్సల్‌కు వెళ్లలేదు.

ఆదివారం మధ్యాహ్నం బాపుకు సద్ది తీసుకెళ్తే, మబ్బు కమ్మిన ప్లాట్లలో ఒక హద్దురాయి మీద దుర్గేష్ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా జానయ్య గొంతుక్కూర్చున్నాడు. జానెడు జొన్నమొలకలు వాళ్ల చుట్టూ గాలికి ఊగుతున్నాయి. యమున వాచ్‌మన్ గది గోడ పక్కనే ఆగింది.

"చెప్పకుండా రాశాను. తప్పేనండి. మీరు వద్దంటే ఇప్పుడే చింపేస్తాను."

"చింపుడెందుకు? చదువు, ఇంట."

దుర్గేష్ తడబడుతూ చదవడం మొదలుపెట్టాడు. బుల్డోజర్ దగ్గరికి వచ్చేసరికి జానయ్య తొడ చరుచుకుని నవ్వాడు. అంతా అయ్యాక తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"మస్తున్నది పిల్లగా. గని ఒక్కటి తప్పు రాసినవ్. అడిగితే పలకలేదన్నవ్."

"పలికారా మరి?"

"అడిగినోళ్లు నిలబడితె గదా పలికెటందుకు. మీ బస్సు పాయె. మా పోరి సుత అడిగింది, అడిగి ఇంటికి ఉరికింది."

యమున గోడ పక్కనుంచి ముందుకు వచ్చి సద్దిగిన్నె కింద పెట్టింది. "ఇప్పుడు నిలబడ్డ. చెప్పు బాపూ."

జానయ్య ఒక మొలకను వేలితో నిమిరాడు. "పండుతదని చల్లలే బిడ్డా. మిరుగం వచ్చినంక చల్లకుంట ఊకుంటె, నేనెవర్నో నాకే యాదికుండదు. పండినయే అనుకో, పిట్టలు తింటయ్. వాటికేమన్న రిజిస్ట్రేషన్ కావాల్నా?"

ఆయన చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి నడిచాడు.

దుర్గేష్ పెన్ను తీసి నాటకం చివరి వాక్యం కొట్టేశాడు. "చివర్లో ఆమె ఏం చేస్తుంది?"

"నవ్వదు. ఆయన చెప్పేదాక నిలబడ్తది," అంది యమున. "గట్లయితె రేపు రిహార్సల్‌కు వస్త."

దుర్గేష్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకో మాటండి. మా నాన్న వీర్రాజు గారికి మిమ్మల్ని చేసుకుంటానని చెప్తే ముందు మీ కులం అడుగుతారు, తర్వాత నా ఉద్యోగం సంగతి అడుగుతారు. రెంటికీ ఆయనకు నచ్చే జవాబు నా దగ్గర లేదు."

"మీ నాయిన సంగతి సరే. నన్ను నువ్వింక ఏం అడగనే లేదు."

దుర్గేష్ లేచి నిలబడ్డాడు. "అడుగుతున్నాను. నాతో జీవితాంతం ఉంటారా?"

యమున తలెత్తి మబ్బు వైపు చూసింది. మొదటి చినుకులు రాళ్ల మీద మచ్చలు పెట్టాయి. అతను గదిలోకి పరిగెత్తలేదు, మాట మార్చలేదు. చొక్కా భుజాలు పూర్తిగా తడిసినా అక్కడే నిలబడి ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"ఉంట," అంది.

జానయ్య తువ్వాల నెత్తిన వేసుకుని వచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. ఏమీ అడగకుండా సద్దిగిన్నె పట్టుకుని గది చూరు కిందికి నడిచి, మూత తీసి, పైనున్న రొట్టె దుర్గేష్ చేతిలో పెట్టాడు.

"కూసో పిల్లగా. మీ నాయినను సుత ఒకనాడు తోల్కరా. వానల నిలబెట్టం, గీడనే కూసుండి మాట్లాడుకుందాం."