మగపెళ్లివారి పేరున బల్లలు

"బల్లలు బడికి ఎప్పుడెళ్లాయండీ?" అంది యమున, రాస్తున్న కలం ఆపి.

"వెళ్తాయి" అన్నాడు ప్రదీప్.

"మరి కార్డు మీద ఇచ్చీసేం అని రాయమన్నారు?"

"పెళ్లిలోగా ఇచ్చేస్తామండీ, పూచీ నాది. మీరు రాసెయ్యండి."

విజయనగరంలో తాటాకు పెట్టెలు అల్లే అమ్మాయికీ, ఫర్నిచర్ షాపు భీమశంకరరావు గారి అబ్బాయికీ జరిగిన మొదటి సంభాషణ ఇది. ఇద్దరూ ఒకరినొకరు కోపంగానే చూసుకున్నారు. ప్రదీప్ మాత్రం కొంచెం ఎక్కువసేపు చూశాడు.

కూతురి పెళ్లిలో స్టీలు డబ్బాలు పంచడం భీమశంకరరావు గారికి నామోషీ అనిపించింది. ఫోన్లో ఏదో పెళ్లి వీడియో చూసిన దగ్గర్నుంచీ ఆయనకు ధర్మబుద్ధి పుట్టింది. మగపెళ్లివారికి కుటుంబానికో తాటాకు పెట్టె, అందులో రెండు సున్నుండలు, పైన చేత్తో రాసిన కార్డు: "మీ కుటుంబం పేరున ఊరి చివర బడికి ఒక బల్ల ఇచ్చాం." దాత అన్న పేరొస్తుంది, డబ్బాల ఖర్చు తప్పుతుంది. బల్లల సంగతి పెళ్లయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

పెట్టెలు ఎంతవరకు వచ్చాయో చూసే నెపంతో ప్రదీప్ రోజూ వెళ్లాడు. శ్రావణం వాన కూడా రోజూ వచ్చింది. యమున ఇంటి అరుగు వదలకుండా ఉండడానికి అంతకన్నా మంచి సాకేముంటుంది?

"వాన తగ్గిపోనాదండి" అనేది యమున.

"మళ్లీ వస్తాదేమో" అనేవాడు ప్రదీప్, ఎండ కాస్తున్న వీధిలోకి చూస్తూ.

నవ్వు దాచుకోవడానికి ఆమె తాటాకుల మీదికి తల వంచేది. ఆఖరి రోజున పెట్టెలు ఆటో ఎక్కిస్తూ మాత్రం నవ్వలేదు.

"మీ మాట నమ్మి రాసేను. నా చేత్తో అబద్ధం రాయించారని తెలిస్తే మళ్లీ ఈ గుమ్మం ఎక్కొద్దు."

ప్రదీప్ తండ్రికి గుర్తు చేశాడు. "పెళ్లవనీరా" అన్నారాయన. మళ్లీ గుర్తు చేశాడు. "పెళ్లవనీమన్నానా!" అన్నారు.

పెళ్లయింది. చదివింపుల మైకులో ఎవరెవరు ఏం చదివించారో చెప్పి, చివర్న భీమశంకరరావు గారి బల్లల దానం కూడా వినిపించారు. పందిరంతా చప్పట్లు కొట్టింది.

ఆయన ఒక్క సంగతి మరిచిపోయారు. మన వైపు జనం గుడికి ట్యూబ్‌లైటు ఇచ్చినా, సగం వెలుతురు మూసుకుపోయేలా దాని మీద పేరు రాయించుకుంటారు. అలాంటివాళ్లు తమ పేరున బల్ల ఉందంటే చూడకుండా ఊరు కదులుతారా?

మర్నాడు పొద్దున్న పాతపట్నం తిరిగెళ్లే పెళ్లిబస్సు ఎక్కబోతూ పెళ్లికొడుకు మామ్మ అప్పలనరసమ్మ గారు ఆగిపోయారు.

"ఒరే, బస్సు బడికాడికి పోనీరా. నా బల్ల మీద ఓపాలి కూకొని పోతాను. పేరు సరిగ్గా రాసేరో నేదో సూడాల."

బస్సంతా ఔనౌనంది.

భీమశంకరరావు గారు కొడుకుని పక్కకి లాగారు. "టెంటుహౌసు బెంచీలు వ్యానులో ఏసుకొని అడ్డదారిన పో. ఆళ్లెళ్లిపోయేక తిరిగి తెచ్చీ. ఆ పెట్టెల పిల్లని కూడా తీసుకెళ్లు, సుద్దముక్కతో పేర్లు రాసీస్తాది."

పేర్లు రాయాలి రమ్మని ప్రదీప్ ఆమెను తీసుకెళ్లాడు. ఏ బల్లల మీదో చెప్పే ధైర్యం చాలలేదు.

బడి ముందు దిగి యమున లోపలికి తొంగి చూసింది. పిల్లలు తడి నేల మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. ఆమె వ్యానులోని బెంచీలను చూసింది, ప్రదీప్‌ని చూసింది. అతని చేతిలోని సుద్దముక్క తీసుకుని కాలవలో పారేసింది. అతనికి వీపు తిప్పి నిలబడింది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. ఈ అమ్మాయి మళ్లీ మాట్లాడకపోతే తను బతకలేడని అప్పుడే తెలిసింది.

అంతలో బస్సొచ్చింది. వెనకే కారులో భీమశంకరరావు గారు, ఫొటోగ్రాఫరు.

"నా బల్లేది, బాబూ?" అన్నారు మామ్మగారు.

కొత్త పెళ్లికూతురైన చెల్లెలు బస్సు కిటికీలోంచి చూస్తోంది. తండ్రి కళ్లతోనే ఉరుముతున్నారు. ప్రదీప్ మామ్మగారి ముందుకొచ్చాడు.

"లేదు మామ్మా. మేం ఇవ్వలేదు. వ్యానులోవి అద్దె బెంచీలు. యమున గారికి ఏమీ తెలీదు. పూచీ పడి ఆవిడ చేత రాయించింది నేను. తప్పు నాదే."

మామ్మగారు వానలోనే నడిచి వ్యానులోకి తొంగి చూశారు.

"ఓలమ్మో! నేని బల్ల కోసమా రేత్రంతా నానంతలా మురిసిపోనాను!" అన్నారు మామ్మగారు. ఆ మీదట భీమశంకరరావు గారి వైపు తిరిగారు. "సారె లారీలో సోఫా, డైనింగు టేబులు ఎట్టించేరు గదా? దించీండి. మేం కిందే కూకొని తింతాం. ఆటి బదులు ఈ బడి గుంటలకి బల్లలు సేయించండి. పిల్లకి మా ఇంట్లో ఏ లోటూ ఉండదు, నాది మాట. బల్లలు మాత్రం నానొచ్చి సూస్తాను."

మగపెళ్లివారికి ఎదురు చెప్పే ఆడపిల్ల తండ్రి ఇంకా పుట్టలేదు. ఆయన సరేనని తలూపి, కోపమంతా కొడుకు మీద చూపించారు.

"ఇలా నిజాలు సెప్పీసేవాడు షాపుకి ఏటి పనికొస్తాడండీ!"

యమున చున్నీతో మొహం తుడుచుకుంది. అదంతా వాన తడి కాదు.

"షాపుకి పనికిరాకపోతే నాకిచ్చీండి సార్" అంది.

బస్సు బస్సంతా గొల్లున నవ్వింది. అంతమంది ముందు ఏమనాలో తోచక భీమశంకరరావు గారు అలవాటు ప్రకారం, "ఇచ్చీసేననుకో అమ్మా" అన్నారు.

"అనుకోను సార్." యమున ప్రదీప్ చెయ్యి పట్టుకుంది. "ముందు ఇచ్చీండి. కార్డు తరవాత నేనే రాస్తాను."