శాంపిల్ లేని పని

"శాంపిల్ తెచ్చారా?" అన్నాను, తలెత్తకుండానే.

ఆటోనగర్‌లో లేత్ నడిపేవాడెవడైనా ముందు అడిగే మాట అదే. అరిగిన ముక్కో, విరిగిన ముక్కో తెచ్చి బల్ల మీద పెడితే కొలిచి, అచ్చం అలాంటిదే చేసిస్తాం. బొమ్మలు చూసి చేసే అలవాటు మాకు లేదు. మా నాన్న లాజరు అలాగే నేర్చుకున్నాడు, నాకూ అలాగే నేర్పాడు.

"శాంపిల్ లేదండీ. ఫోన్లో ఫొటోలున్నాయి."

ఆడగొంతు విని తలెత్తాను. బయట జూలై వాన దంచికొడుతోంది. గుమ్మంలో ఒకమ్మాయి గొడుగు మడుస్తూ, దాని నీళ్లన్నీ నా కొలతల పుస్తకం మీద దులుపుతోంది.

"ఏం బండండీ?"

"మెగాన్ ఆర్.ఎస్. ఫ్రాన్సు కారు. దాని గేర్ రాడ్డు, నాబ్, ఆరు గేర్లు పడేలా కింద గాడులున్న గేటు, అన్నీ ఒక చెక్క మీద బిగించి కావాలి."

"బండి తీసుకురండి, విప్పి చూస్తాను."

"బండి ఇండియాలో లేదండీ."

"షిప్పులో వస్తోందా?"

"రాదు. ఇక్కడెప్పుడూ అమ్మలేదు."

"లేని బండికి గేర్ రాడ్డెందుకండీ?"

"ఉన్న బండికైతే షోరూమ్‌లోనే దొరుకుతుంది కదండీ. లేదు గనకే మీ దగ్గరికొచ్చాను."

జవాబు బాగానే ఉంది. బాగుండబట్టే నాకు ఒళ్లు మండింది. శాంపిల్ లేకుండా చెయ్యనని తెగేసి చెప్పాను. ఆమె గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. సరదాలకి హద్దు లేదు ఈ జనానికి అనుకుని, మళ్లీ నా పనిలో పడ్డాను.

మూడో రోజు అదే వానలో మళ్లీ వచ్చింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టింది. విప్పి చూస్తే బట్టల సబ్బు. దాన్ని కత్తితో చెక్కి, గుండ్రంగా అరగదీసి, గేర్ నాబ్ చేసింది.

"శాంపిల్ తెమ్మన్నారుగా," అంది.

కొలతల పుస్తకం తెరిచాను. పేరు రాసుకున్నాను. శాలిని. ఇల్లు పటమట, ఉద్యోగం ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో.

ఆ సబ్బుని నేను కొలిచినంత శ్రద్ధగా ఎవరూ ఇంజన్‌ని కూడా కొలిచి ఉండరు. అల్యూమినియం కడ్డీ పెట్టి, అచ్చం అలాగే తిప్పి, ఫైలుతో సరిచేసి, మెరుగు పెట్టాను. శాలిని వచ్చి చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇదేంటండీ, ఇక్కడ గుంట పడింది?"

"శాంపిల్లో ఉందండీ."

సబ్బు తీసి చూసింది. గుంటలో బొటనవేలు పెట్టింది. సరిగ్గా సరిపోయింది. "అయ్యో, వాన్లో తడిసి మెత్తబడినట్టుంది. నా వేలే దిగబడింది!" అని పకపకా నవ్వింది. "అదీ చేసేశారా?"

"మీరు తెచ్చిందే చేశాను. తీసెయ్యమంటే తీసేస్తాను."

"వద్దులెండి. ఉండనీండి."

అంతే. నాకు ఆ పూట ఇంక ఏ పనీ సాగలేదు.

మూడు రోజుల్లో రాడ్డు, గేటు, స్ప్రింగులు అన్నీ అయిపోయాయి. నేను మాత్రం కాలేదన్నాను. "మూడో గేరు బిగుతుగా ఉందండీ, శనివారం రండి," అన్నాను. శనివారం వస్తే, "స్ప్రింగు మార్చాలండీ, బుధవారం రండి." వచ్చినప్పుడల్లా స్టూలు తుడిచి వేసేవాణ్ణి. ఆమె కూర్చుని కబుర్లు చెప్పేది. అయిన పనిని మళ్లీ విప్పి, మళ్లీ బిగించి, ఐదు వారాలు అలా లాగాను.

ఆ కబుర్లన్నీ ఆ కారు గురించే. ఇంటర్నెట్‌లో వీళ్లకి ఒక గ్రూపు ఉంది. నలభై మంది. ఈమె తప్ప అందరూ అమెరికావాళ్లే. అక్కడా ఆ కారు అమ్మలేదట. అక్కడ అమ్మని కారుని తెచ్చుకుని రోడ్డెక్కించాలంటే దానికి పాతికేళ్లు నిండాలని రూలట.

"వాల్టర్ అని ఒకాయన ఉన్నారు. ఆయన కోరుకున్న మోడల్‌కి పాతికేళ్లు నిండేసరికి ఆయనకి ఎనభై రెండొస్తాయి. అయినా ప్రతి ఒకటో తారీఖునా ఇంకా ఎన్ని నెలలుందో గ్రూపులో పెడతారు."

"దొరకదని తెలిసీ ఎందుకండీ ఈ యావ?"

"దొరికేదానికి రేటు చూస్తాం, మైలేజీ చూస్తాం, ఎదురింటివాళ్లేమంటారో చూస్తాం. దొరకనిదాన్ని ఊరికే ఇష్టపడొచ్చు కదండీ."

నాకు ఆ మాట బాగా నచ్చింది. దొరకనివాళ్ల లిస్టులో నేను అప్పటికే ఆమెను చేర్చుకున్నాను. డిగ్రీ చదివిన అమ్మాయి, పదో తరగతి తప్పిన నేను. వాళ్లు సి.ఎస్.ఐ. ప్రొటెస్టెంట్లు, మేం గుణదల ఆర్.సి.ఎం. క్యాథలిక్కులం. ఊరికే ఇష్టపడటంలో తప్పేముంది అనుకున్నాను.

"ఇంతకీ ఇది షోకేసులో పెట్టుకుంటారా?" అని ఒకసారి అడిగాను.

"ఇంట్లో పెట్టుకుంటాం," అని మాట మార్చేసింది.

ఆగస్టు చివర్లో ఒక శనివారం శాలిని రాలేదు. సోమవారమూ రాలేదు. ఇంక ఆగలేక, ఆ చెక్కని బండి వెనక కట్టుకుని అడ్రసు వెతుక్కుంటూ పటమట వెళ్లాను.

తలుపు తీసే ఉంది. ముందుగదిలో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎడమచేతిలో రబ్బరు బంతి. దాన్ని నొక్కబోతే జారి, దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది. లోపల్నుంచి వచ్చిన శాలిని నన్ను చూసి ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది. వాళ్ల నాన్న ఏసుపాదంగారు ముప్పై రెండేళ్లు ఆర్టీసీ బస్సు నడిపారు. జూన్ మధ్యలో పక్షవాతం వచ్చి ఎడమచేయి పడిపోయింది. బంతి నొక్కమంటే చిన్నపిల్లల పనని విసిరికొడుతున్నారు. గేర్ రాడ్డయితే రోజంతా గేర్లు వేస్తూ ఉంటారని శాలినికి తోచింది. ఆ కారు వీడియోలు తండ్రీకూతుళ్లు ఇద్దరూ కలిసి చూసేవాళ్లు. ఇంగ్లండులో తీసిన వీడియోల్లో మనలాగే ఎడమచేత్తో గేర్లు వేస్తుంటే ఆయన కుర్చీలోంచే, "ఇప్పుడు థర్డ్ వెయ్యరా!" అని కేకలు పెట్టేవారట.

"ఆటోనగర్‌లో నేను తెలియనివాడు లేడు బాబూ," అన్నారు ఆయన తల దించుకుని. "చెయ్యి పడిపోయిందని అక్కడ చెప్పొద్దన్నాను."

చెక్క ఆయన పక్కన బల్ల మీద బిగించాను. వేళ్లు నాబ్ మీద పడ్డాయి. చాలాసేపటికి ఒకటో గేరు పడింది. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"మొదటి మూడు నెలలే ముఖ్యమని డాక్టరుగారు చెప్పారు," అంది శాలిని, గేటు దాకా నాతో వస్తూ. "రెండున్నర అయిపోయాయి. పాపం, మీరూ కష్టపడ్డారు. లేని బండికి చెయ్యడం మాటలా?"

చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ ఆమె నన్ను జాలిగా చూస్తుంటే భరించలేకపోయాను.

"మూడు రోజుల్లోనే అయిపోయిందండీ."

"ఏంటి?"

"పని. ఇచ్చేస్తే మీరింక రారని... ఆపాను. అది మీ నాన్నగారి కోసమని నాకు తెలియదండీ."

ఆమె ముఖంలో రంగు పోయింది. "ఐదు వారాలు," అంది. గేటు వేసేసి లోపలికెళ్లిపోయింది.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ఏసుపాదంగారు. "అబ్బాయ్, సెకండు గేరు పడట్లేదు. వచ్చి చూడు."

వెళ్లి చూశాను. సెకండు గేరు శుభ్రంగా పడుతోంది.

"అమ్మాయి చెప్పింది," అన్నారాయన గొంతు తగ్గించి. "కొట్టాలనిపించింది. అదీ ఈ ఎడమచేత్తోనే. లేస్తేగా! తర్వాత ఒకటి గుర్తొచ్చింది. రేడియేటర్ వేడెక్కిందని చెప్పి చల్లపల్లి స్టాండులో గంటసేపు బస్సు ఆపేశాను నేను. బండికేం కాలేదు. ఇప్పటి మా ఆవిడ సంపూర్ణమ్మ అక్కడ వాళ్లన్నయ్య కోసం నించునుంది. యాభైమంది నన్ను తిట్టుకున్నారు. వాళ్లలో ఎవరికి ఎంత అవసరం ఉందో నేనూ అడగలేదుగా." వంటింట్లోంచి సంపూర్ణమ్మగారు, "చాల్లెండి సంబడం," అన్నారు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం వెళ్లాను. ఆయన గేర్లు వేస్తుంటే పక్కన కూర్చునేవాణ్ణి. నేను రాగానే శాలిని లోపలికి వెళ్లిపోయేది. టీ కిటికీలో పెట్టి, "టీ" అని గోడకి చెప్పేది. కానీ వాళ్ల నాన్న వీడియోలు తీసి గ్రూపులో పెట్టేది. అమెరికాలో ముప్పై తొమ్మిది ఇళ్లలో అవి చూసేవాళ్లు. వాల్టర్‌గారు నెలలు లెక్కపెట్టడం మానేసి, "మీ నాన్నగారు ఈరోజు ఏ గేరులో ఉన్నారు?" అని అడగడం మొదలుపెట్టారట.

అక్టోబరు వచ్చేసరికి ఆరు గేర్లూ పడుతున్నాయి. రివర్సొక్కటే మిగిలింది. ఆ కారులో రివర్సు వెయ్యాలంటే నాబ్ కింద ఉన్న రింగుని వేళ్లతో పైకి లాగాలి. నేనూ అలాగే చేశాను. నెలాఖరున, వాన ముసురు పట్టిన సాయంత్రం, ఏసుపాదంగారు రెండు వేళ్లతో ఆ రింగుని లేపి రివర్సు వేసేశారు. చిటికెనవేలు మాత్రం కదల్లేదు. అది అలాగే ఉండిపోయింది.

నేను బయల్దేరుతుంటే శాలిని గొడుగు పట్టుకుని గేటు దాకా వచ్చింది. రెండు నెలల తర్వాత నాతో మాట్లాడింది.

"డాక్టరుగార్ని అడిగాను. ఆ ఐదు వారాలు ముందే మొదలెడితే ఆ వేలు కూడా వచ్చేదా అని."

"ఏమన్నారు?"

"చెప్పలేమన్నారు. వచ్చేదేమో, రాకపోయేదేమో."

వాన గొడుగు మీద టపటపా పడుతోంది. ఆమె నా వైపు చూడకుండా మాట్లాడింది.

"ఎలాగూ వచ్చేది కాదని చెప్పుంటే మిమ్మల్ని క్షమించి ఊరుకునేదాన్ని. తప్పకుండా వచ్చేదని చెప్పుంటే మీ మొహం చూసేదాన్ని కాదు. ఏదీ చెప్పలేదు. ఈ అనుమానం నాకు జన్మంతా ఉంటుంది."

"నాకూ ఉంటుందండీ."

"తెలుసు. రెండు నెల్లుగా చూస్తున్నానుగా." అప్పుడు నా వైపు తిరిగింది. "ఇద్దరికీ ఒకటే అనుమానమైనప్పుడు, రెండిళ్లలో ఎందుకండీ?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నోట్లోంచి వచ్చింది మాత్రం, "మాది ఆర్.సి.ఎం." అనే.

"మాది సి.ఎస్.ఐ. నాన్నతో వారం క్రితమే మాట్లాడాను. ఆయన సరేనన్నారు. మీరే ఇంకా చెప్పలేదు."

చెప్పాను. వాన చప్పుడులో వినబడలేదేమోనని రెండోసారి కూడా చెప్పాను.